పంపకంలో ఎవరూ అడగనివాళ్లు

2016 జూన్ 23న బ్రిటన్ ఐరోపా సమాఖ్యలో కొనసాగాలా, బయటికి రావాలా అని ప్రజల ఓటు కోరింది. లండన్‌లోనో లెస్టర్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాడికి ఆ ఓటు ఉంది. చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టే అయినా సరే, అక్కడ నివసించడానికి అనుమతి, ఓటర్ల జాబితాలో పేరు ఉంటే చాలు. కామన్వెల్త్ పౌరులకు బ్రిటన్ ఎప్పటి నుంచో ఇస్తున్న హక్కు అది. అదే వీధిలో పదేళ్లుగా కాపురముంటూ, పన్నులు కడుతూ, పిల్లల్ని అక్కడి బడికే పంపుతున్న పోలండ్ పౌరుడికి మాత్రం ఓటు లేదు. ఫలితం వచ్చి పడింది అతని నెత్తినే.

ఆ తెలుగువాడిది విజయనగరం జిల్లా గజపతినగరం అనుకుందాం. పరాయి దేశం ఒక కూటమిని వదలాలా వద్దా అని అతన్ని అడిగారు. అంతకు రెండేళ్ల ముందు సొంత రాష్ట్రం రెండుగా చీలినప్పుడు అతన్ని గానీ, ఊళ్లో ఉన్న అతని తల్లిదండ్రుల్ని గానీ ఎవరూ అడగలేదు. "మమ్మల్నెవులడిగినారు?" అన్న మాట 2013లో ఉత్తరాంధ్ర టీ దుకాణాల దగ్గర, బస్సులు కదలని కాంప్లెక్సుల దగ్గర వినిపించింది. రాజకీయాల కన్నా చాలా పాత ప్రశ్న అది. కలిసి ఉన్నవాళ్లలో ఒకరు వెళ్లిపోతామంటే మిగిలినవాళ్ల ఒప్పుదల కావాలా? అక్కర్లేదంటే, ఆ మిగిలినవాళ్లకు దక్కవలసింది ఏమిటి? ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ధర్మశాస్త్రం దీనికి జవాబు చెప్పింది, భారతం చెప్పింది, ఈ కాలపు న్యాయస్థానాలూ చెప్పాయి. ఆ జవాబులు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

2013 జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణకు అనుకూలంగా తీర్మానించింది. ఆగస్టు రెండో వారం నుంచి సీమాంధ్రలో ఎన్జీవోలు సమ్మెకు దిగారు. ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బడులు మూతపడ్డాయి, ఆర్టీసీ బస్సులు డిపోల్లోనే నిలిచిపోయాయి. అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం విభజనకు ఆమోదం తెలిపింది. ఆ వెంటనే విజయనగరం భగ్గుమంది. అప్పటి పీసీసీ అధ్యక్షుడు, రాష్ట్ర రవాణా మంత్రి బొత్స సత్యనారాయణది ఈ జిల్లాయే. ఆయన కుటుంబానివని జనం అనుకున్న ఆస్తుల మీద దాడులు జరిగాయి. పట్టణంలో కర్ఫ్యూ పెట్టారు. సంగీత కళాశాలకూ సాహిత్యానికీ పేరుపడ్డ ఊరు రోజుల తరబడి సాయుధ బలగాల పహారాలో బతికింది. అదే వారంలో విద్యుత్ ఉద్యోగులు కూడా సమ్మెకు దిగడంతో కోస్తా జిల్లాలు చీకట్లో మునిగాయి.

విజయనగరానికి ముప్ఫై కిలోమీటర్ల లోపే ఉన్న గజపతినగరానికి అప్పుడు శాసనసభ్యుడు బొత్స అప్పలనరసయ్య, ఆ పీసీసీ అధ్యక్షుడి సోదరుడే. అంటే విభజన నిర్ణయం తీసుకున్న పార్టీ పెద్ద, దాని మీద మండిపడిన ఓటరు, ఇద్దరి మధ్యా నిలబడ్డ ప్రజాప్రతినిధి ఒకే నేల మీద ఉన్నారు. ప్రజలకు ఓటు వేసే అవకాశం వచ్చింది 2014లో. అప్పటికి విభజన చట్టమైపోయింది. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు ఆంధ్రప్రదేశ్ 175 అసెంబ్లీ స్థానాల్లో ఒక్కటీ రాలేదు, 25 లోక్‌సభ స్థానాల్లోనూ ఒక్కటీ రాలేదు. అడగాల్సిన సమయంలో అడగని ప్రశ్నకు జనం ఆలస్యంగా ఇచ్చిన జవాబు అది. ఆ కోపం మనుషుల మీద పుట్టింది కాదనడానికి సాక్ష్యం కూడా ఇక్కడే ఉంది. 2019లో గజపతినగరం అదే అప్పలనరసయ్యను, వేరే పార్టీ గుర్తు మీద, మళ్లీ గెలిపించింది.

కోపం హైదరాబాద్ గురించి. ఉత్తరాంధ్రకు హైదరాబాద్ అంటే పెట్టుబడులూ వెంచర్లూ మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆ నగరం మేడలు కట్టిన తాపీ మేస్త్రీల్లో, సెంట్రింగ్ పనివాళ్లలో, అపార్ట్‌మెంట్ల కింద ఒక్క గదిలో కాపురం పెట్టిన వాచ్‌మన్ కుటుంబాల్లో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవాళ్లు చాలామంది. పొలం వానదేవుడి దయ మీద నడిచే ఊళ్లకు వలస బతుకుతెరువు. ఆ బతుకుతెరువు ఉన్న నగరం ఒక్క పూటలో పరాయి రాష్ట్రమవుతుందంటే కలిగే భయం నిజమైన భయం. నాయకుల ఆస్తుల లెక్కలు దానికి తోడయ్యాయన్నదీ నిజమే. అంతమాత్రాన ఆ భయం అబద్ధమైపోదు.

అవతలి పక్కన కూడా సరిగ్గా ఇదే మాట ఉంది. "మమ్మల్ని ఎవరు అడిగారు?" అని తెలంగాణ 1956 నుంచీ అడుగుతూనే ఉంది. ఫజల్ అలీ నాయకత్వంలోని రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955లో ఇచ్చిన నివేదికలో తెలంగాణను అప్పటికి వేరుగానే ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత హైదరాబాద్ శాసనసభలో మూడింట రెండొంతుల మంది కావాలంటే అప్పుడు ఆంధ్రతో కలపమంది. అంత కాలం ఎవరూ ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఒప్పందంలోని రక్షణలు అమలు కాలేదన్న ఫిర్యాదే 1969 ఉద్యమానికి నిప్పు రాజేసింది. కలిపేటప్పుడు ఒక పక్కవాళ్లను అడగలేదు, విడదీసేటప్పుడు రెండో పక్కవాళ్లను అడగలేదు. రెండు పక్కలా ఉన్న గాయం ఒక్కటేనని ఆ రోజుల్లో ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే, టీవీ చర్చల్లో అంత విషం పారేది కాదేమో.

ఇంకో సంగతి కూడా కోస్తావాళ్లు తరచూ మరిచిపోతారు. 1972 అక్టోబరు 3న, తెలంగాణలో స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, విడిపోతామని లేచింది కోస్తాయే. జై ఆంధ్ర ఉద్యమంలో శ్రీకాకుళం సీమ నుంచి గౌతు లచ్చన్న, విశాఖ నుంచి తెన్నేటి విశ్వనాథం ముందు నిలిచారు. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం ప్రకటించి కేంద్రం సర్దిచెప్పింది. అప్పుడు "మా దారి మేం చూసుకుంటాం" అన్న నేలే నాలుగు దశాబ్దాల తరువాత "ఎవరూ వెళ్లడానికి వీల్లేదు" అంది. ఈ చరిత్ర తెలిసినవాడు, విడిపోవాలనే కోరికను పాపంగా చూడలేడు.

ఒప్పుదల గురించి శాస్త్రం ఏం చెప్పిందో ఇక్కడ చూడాలి. రాష్ట్రాన్ని ఉమ్మడి కుటుంబంతో పోల్చడం తెలుగునాట ఉద్యమాల రోజుల్లో అన్ని పక్షాలూ చేసిన పనే. కానీ ఆ పోలికను చివరిదాకా ఎవరూ తీసుకెళ్లలేదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. 13వ శతాబ్దంలో కేతన దాన్ని విజ్ఞానేశ్వరము పేరుతో తెలుగు చేశాడు. తరువాతి కాలంలో బెంగాల్‌ను మినహాయిస్తే దేశంలో చాలా భాగాన హిందూ కుటుంబాల పంపకాలు మితాక్షర మీదే నడిచాయి. దాయాదుల్లో ఒకడు వేరుపడతానంటే మిగతావాళ్లు ఒప్పుకోవాలా అన్న తగువు చివరికి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1916లో గిరిజాబాయి కేసులో ఆ న్యాయస్థానం తేల్చి చెప్పింది: వేరుపడాలన్నది ఒక్క మనిషి సంకల్పానికి సంబంధించిన విషయం, మిగతావాళ్లు ఒప్పినా ఒప్పకపోయినా ఆ సంకల్పం స్పష్టంగా వెల్లడైన క్షణంలో ఉమ్మడి తెగిపోతుంది. 1963లో ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లిన ఒక ఆస్తి దావాలో రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు సుప్రీంకోర్టు తరఫున ఇంకో అడుగు వేశారు. ఆ సంకల్పం మనసులో ఉంటే సరిపోదు, దానివల్ల ఎవరి హక్కులు కదులుతాయో వాళ్లకు తెలియజేయాలి అన్నారు.

ఈ సూత్రం ప్రకారం చూస్తే గజపతినగరంలో చెప్పడానికి చేదుగా ఉండే మాట ఒకటి చెప్పక తప్పదు. తెలంగాణ విడిపోవడానికి గజపతినగరం ఒప్పుదల అవసరం లేదు. నలభై ఏళ్లకు పైగా, రెండు తరాలు మారినా తగ్గకుండా వెల్లడైన సంకల్పం అది. దాన్ని బలవంతంగా ఆపి ఉంచితే మిగిలేది ఐక్యత పేరుతో ఉన్న ఆధిపత్యమే. ఫ్రెంచి ఆలోచనాపరుడు ఎర్నెస్ట్ రెనాన్ 1882లో సోర్బాన్‌లో చేసిన ప్రసంగంలో, ఒక జాతి అంటే రోజూ జరిగే జనాభిప్రాయ సేకరణ లాంటిదన్నాడు. రోజూ కాదు కాదంటున్నవాడి మీద ఆ ఐక్యతను రుద్దలేరు.

అయితే మితాక్షర అక్కడితో ఆగలేదు. ఉమ్మడి తెగడం ఒక ఎత్తు, పంపకం ఇంకో ఎత్తు. మొదటిదానికి ఒకడి సంకల్పం చాలు. రెండోది ఒకడి ఇష్టప్రకారం జరగడానికి వీల్లేదు. పంపకాలప్పుడు తల్లికి వాటా పెట్టాలి. పెళ్లికాని ఆడపిల్లల పెళ్లికి అన్నదమ్ములు తమ భాగాల్లోంచి తీసిపెట్టాలి. తండ్రి చేసిన అప్పులు పంచుకోవాలి. ఇంట్లో గర్భవతి ఉంటే ప్రసవమయ్యేదాకా ఆగాలి. పంపకం అయిపోయాక దాచిన ఆస్తి బయటపడితే దాన్ని మళ్లీ సమంగా పంచాలి. ఈ జాబితాలో ఉన్నవాళ్లను గమనిస్తే ఒకటి అర్థమవుతుంది. తల్లి, ఆడపిల్ల, కడుపులోని బిడ్డ: వీళ్లలో ఎవరూ వేరుపడతామనలేదు, ఎవరినీ ఎవరూ అడగలేదు. నోరు లేనివాళ్ల కోసమే శాస్త్రం ఈ నిబంధనల్లో ఎక్కువ భాగం రాసింది.

1998లో కెనడా సుప్రీంకోర్టు, మితాక్షర పేరైనా ఎత్తకుండా, దాదాపు ఇదే మాట చెప్పింది. 1995లో క్విబెక్ రాష్ట్రం విడిపోవాలా అని అక్కడ ఓటింగ్ జరిగితే వద్దన్నవాళ్లు 50.58 శాతం, కావాలన్నవాళ్లు 49.42 శాతం. వెంట్రుకవాసిలో దేశం నిలిచింది. ఆ తరువాత ప్రభుత్వం సలహా కోరితే కోర్టు రెండు సంగతులు చెప్పింది. స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ విడిపోతామంటే మిగతా దేశం చెవులు మూసుకోవడానికి వీల్లేదు, చర్చకు కూర్చోవలసిందే. అలాగని విడిపోయేవాళ్లు తమ షరతుల్ని తామే రాసేసుకోవడానికీ వీల్లేదు, అల్పసంఖ్యాకుల హక్కులు, ఆదివాసుల ప్రయోజనాలు ఆ చర్చలో ఉండాలి. ఆ ఆదివాసులు ఊరికే కూర్చోలేదు. ఉత్తర క్విబెక్‌లోని క్రీ తెగ ప్రధాన ఓటింగ్‌కు కొద్ది రోజుల ముందే సొంతంగా ఓటింగ్ పెట్టుకుంది. 96 శాతానికి పైగా కెనడాలోనే ఉంటామన్నారు. ఎవరూ అడగకపోతే తమను తామే అడిగి చూసుకున్నారు.

బ్రిటన్ ఈ రెండో మెట్టు మీదే జారింది. బయటికి రావాలన్నవాళ్లు 51.9 శాతం, ఉండాలన్నవాళ్లు 48.1 శాతం. స్కాట్లాండ్‌లో 62 శాతం, ఉత్తర ఐర్లాండ్‌లో 55.8 శాతం ఉండాలనే అన్నారు. ప్రచారం ఎంత కక్షగా సాగిందంటే, ఓటింగ్‌కు వారం ముందు ఉండాలన్న పక్షానికి చెందిన ఎంపీ జో కాక్స్‌ను నడివీధిలో చంపేశారు. విడిపోవాలన్న నిర్ణయానికి ఒక్క రోజు సరిపోయింది. పంపకానికి 2020 జనవరి 31 దాకా మూడున్నరేళ్లు పట్టింది. ఉత్తర ఐర్లాండ్ సరిహద్దు లెక్క అప్పటికీ తేలక 2023లో మళ్లీ ఒప్పందం రాసుకున్నారు. అక్కడే స్థిరపడ్డ ఐరోపావాసులు, ఏళ్లుగా తమ ఇల్లే అనుకున్న దేశంలో ఉండనివ్వమని 2021 జూన్ 30 లోగా దరఖాస్తులు పెట్టుకోవలసి వచ్చింది. వాళ్ల అంగీకారం లేకుండా వెళ్లిపోయే హక్కు బ్రిటన్‌కు ఉంది. వాళ్ల లెక్క ముందు తేల్చకుండా వెళ్లే హక్కు ఉందా అన్నది వేరే ప్రశ్న, ఎక్కువ బరువున్న ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్ పంపకం ఎలా జరిగిందో అందరికీ గుర్తే. 2014 జనవరి 30న రాష్ట్ర శాసనసభ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరించింది. రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, దానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదు. ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు. 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన సభలో బిల్లు గట్టెక్కింది. అంతకు ముందు శ్రీకృష్ణ కమిటీ 2010 పొడుగునా అందరి మాటా విని ఆరు మార్గాలతో నివేదిక ఇచ్చింది. అడిగిన ఆ ఒక్కసారి విన్నదాన్ని అటకెక్కించారు. మిగిలిన ఆస్తులూ అప్పులకు జనాభా లెక్కన 58.32, 41.68 నిష్పత్తి కట్టారు. హైదరాబాద్ ఆదాయాన్ని మాత్రం ఏ నిష్పత్తీ పంచలేదు. విభజన చట్టం తొమ్మిదో, పదో షెడ్యూళ్లలోని సంస్థల తగువు పదేళ్ల గడువు దాటినా తేలక, 2024 జూలై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు మళ్లీ హైదరాబాద్‌లో కూర్చోవలసి వచ్చింది.

ఇది ప్రభుత్వాల మధ్య లెక్క. ప్రభుత్వాలకు లాయర్లుంటారు. మనసును పట్టి పీడించేది లాయర్లు లేనివాళ్ల లెక్క.

భారతంలో ఈ లెక్క ఒకటుంది. ద్రౌపదీ వివాహం తరువాత భీష్ముడు, ద్రోణుడు, విదురుడు చెప్పగా ధృతరాష్ట్రుడు పాండవుల్ని పిలిపించి అర్ధరాజ్యం ఇచ్చాడు. ఇచ్చింది ఖాండవప్రస్థం. అన్నదమ్ముల బిడ్డల మధ్య పంపకం అయిపోయింది, పెద్దలంతా సంతోషించారు. కానీ ఆ ఖాండవంలో అప్పటికే నివాసాలున్నాయి. నాగులున్నారు, పక్షులున్నాయి, మృగాలున్నాయి. అగ్నిదేవుడి ఆకలి తీర్చడానికి ఆ వనాన్ని తగలబెడుతున్నప్పుడు ఎవరూ తప్పించుకోకుండా కృష్ణార్జునులు కాపలా కాశారు. బయటపడినవాళ్లు తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్‌ఙ్గక పక్షులు. కొడుకును కాపాడుతూ తక్షకుడి భార్య ప్రాణం వదిలింది. కౌరవ పాండవుల పంపకానికీ ఆమెకూ ఏ సంబంధమూ లేదు.

ఆ బాకీ ఎక్కడికీ పోలేదు. అశ్వసేనుడు కురుక్షేత్రంలో కర్ణుడి బాణం ఎక్కి అర్జునుడి మీదికి వచ్చాడు. అర్జునుడి మనుమడు పరీక్షిత్తును తక్షకుడే కాటు వేశాడు. పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు సర్పయాగం చేశాడు. మహాభారత కథంతా వైశంపాయనుడు చెప్పింది ఆ యాగశాలలోనే. పంపకంలో ఎవరూ అడగనివాళ్ల గోడు నాలుగు తరాలు దాటి, ఆ మహాకావ్యానికే పీఠికగా వచ్చి కూర్చుంది. వ్యాసుడు దీన్ని యాదృచ్ఛికంగా పెట్టాడని నమ్మడం కష్టం.

నన్నయ ఈ ఆదిపర్వాన్ని తెలుగు చేసింది రాజమహేంద్రవరంలో, గోదావరి ఒడ్డున. అదే నదిలో కొంచెం ఎగువకు వెళితే పోలవరం. 2014 మే 29న, రాష్ట్రం అధికారికంగా విడిపోవడానికి నాలుగు రోజుల ముందు, పోలవరం ముంపు ప్రాంతంలోని ఏడు మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చుతూ కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. జూలైలో పార్లమెంటు దానికి చట్టరూపం ఇచ్చింది. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వంటి ఈ మండలాల్లో ఎక్కువగా ఉన్నది కోయలు, కొండరెడ్లు. తెలంగాణ విడిపోవాలా అని వాళ్లను అడగలేదు. విడిపోయాక ఏ వైపు ఉంటారని కూడా అడగలేదు. నీటిలో మునిగే నేల ఏ రాష్ట్రంలో ఉంటే అనువుగా ఉంటుందో చూసి గీత గీశారు. 2022 జూలై గోదావరి వరదలో చింతూరు, కూనవరం ఊళ్లు మునిగినప్పుడు, తమను మళ్లీ తెలంగాణలో కలపమని జనం రోడ్డెక్కారు.

పెద్ద ప్రాజెక్టుల సందర్భంలో విదురనీతి ఒకటి తరచూ వినిపిస్తుంది: కులం కోసం ఒకణ్ణి, ఊరి కోసం కులాన్ని, దేశం కోసం ఊరిని వదులుకోవాలని. ఈ మాట వాడేవాళ్లు విదురుడు దాన్ని ఎవరితో అన్నాడో చెప్పరు. ధృతరాష్ట్రుడితో అన్నాడు, దుర్యోధనుణ్ణి వదులుకోమని చెబుతూ అన్నాడు. తండ్రి తన కన్నకొడుకును వదులుకోవాలని చెప్పిన నీతి అది. ఎవరి బిడ్డనో త్యాగం చేయడానికి దాన్ని వాడుకోవడం ఆ నీతికి చేసే అపచారం.

గజపతినగరం ప్రాంతంలో ఇలాంటి లెక్క మరో రూపంలో ఉంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం తన వెనుకబడిన తరగతుల జాబితాను రూపొందించుకున్నప్పుడు అంతకు ముందు ఉమ్మడి రాష్ట్రంలో ఉన్న 26 కులాలను తీసేసింది. తూర్పు కాపు, కొప్పుల వెలమ, కళింగ, గవర కులాలు అందులో ఉన్నాయి. వీళ్లు ఆంధ్రవాళ్లు, తెలంగాణ సామాజిక నిర్మాణంలో భాగం కారు అన్నది కారణం. గజపతినగరం, బొండపల్లి, దత్తిరాజేరు ఊళ్లలో సేద్యం చేసేవాళ్లు, కూలికి వెళ్లేవాళ్లు చాలామంది ఈ కులాలవాళ్లే. హైదరాబాద్‌కు వలస వెళ్లి దశాబ్దాలుగా అక్కడే ఉన్నవాళ్లూ వీళ్లే. హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ బడిలో చదువుకున్న మేస్త్రీ కూతురు తెలంగాణలో ఓటరు. కానీ అక్కడ ఇంజనీరింగ్ సీటుకు దరఖాస్తు పెట్టేసరికి ఆమె వెనుకబాటుతనం కాగితం మీద చెరిగిపోయింది. ఇంట్లో పేదరికం మాత్రం అలాగే ఉంది.

తెలంగాణ పక్షాన వాదం లేకపోలేదు. అక్కడి వెనుకబడిన కులాలవాళ్లు తమ కొత్త రాష్ట్రంలో తమ అవకాశాలు తమకే దక్కాలనుకోవడం సహజం. ముల్కీ కాలం నుంచీ వాళ్ల పోరాటమే అది. కానీ వేరుపడిన తమ్ముడు, తన భాగంలోకి వచ్చిన గదిలో ముందు నుంచీ ఉంటున్న ఆడపిల్లను బయటికి పొమ్మనలేడు. ఆమె పోషణ ఏ అన్న బాధ్యతో తేల్చకుండా పంపకం పూర్తయినట్టు కాదు. ఇక్కడ బాధ్యత తెలంగాణది ఒక్కదానిదే అనడం కూడా అన్యాయం. విభజన చట్టం రాసిన పార్లమెంటు ఈ ప్రశ్నను ఊహించగలిగి ఉండాలి, రాయకుండా వదిలేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఆస్తుల కోసం వేసిన కేసుల్లో ఎంత పట్టుదల చూపాయో ఈ 26 కులాల పిల్లల విషయంలో అంత చూపలేదు.

గజపతినగరం మీదుగా సాగే 26వ నంబరు జాతీయ రహదారి సాలూరు దాటి ఘాట్ ఎక్కి కొరాపుట్ వెళ్తుంది. ఆ కొండల్లోనే కొటియా గ్రామాలున్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖ ఏజెన్సీలోని జయపురం సీమ అటు వెళ్లింది. కానీ ఈ ఇరవై ఒక్క ఊళ్ల దగ్గర గీత సరిగా పడలేదు. 1968లో తగువు సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడివాళ్లకు రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ, రేషన్ కార్డులూ ఉన్నాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెట్టింది, ఒడిశా కోర్టుకు వెళ్లింది. రెండు ప్రభుత్వాలూ పోటీపడి పథకాలు పట్టుకొస్తున్నాయి. హద్దు తేలని చోట రెండు ప్రభుత్వాలూ మాదంటే మాదంటున్నాయి. హద్దు తేలిపోయిన హైదరాబాద్ బస్తీలో మేస్త్రీ కూతుర్ని మాదని ఏ ప్రభుత్వమూ అనడం లేదు.

ఉత్తరాంధ్రకు విభజన చట్టం కొంత బాకీ రాసిచ్చింది. 46వ సెక్షన్‌లో వెనుకబడిన ఉత్తరాంధ్ర, రాయలసీమలకు ప్రత్యేక సాయం చేస్తామంది. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ ప్రాంతాలకు ఒడిశాలోని కొరాపుట్, బొలంగీర్, కలహండి తరహాలో ప్యాకేజీ ఉంటుందన్నారు. గజపతినగరం నుంచి అదే రోడ్డు పట్టుకుని ఘాట్ ఎక్కితే తగిలే కొరాపుటే ఆ ఉదాహరణ. చివరికి జిల్లాకు ఏటా 50 కోట్ల లెక్కన వచ్చిన సాయం ఆ స్థాయికి ఎక్కడా అందలేదు. చట్టంలోని 13వ షెడ్యూలు ఒక గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తానంది. 2019లో అది విజయనగరంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పాత ప్రాంగణంలో తాత్కాలికంగా మొదలైంది. సొంత భవనాలకు 2023 ఆగస్టు 25న శంకుస్థాపన జరిగింది, మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో. దత్తిరాజేరు గజపతినగరం నియోజకవర్గంలోనిదే. చట్టం వచ్చిన తొమ్మిదేళ్లకు పునాదిరాయి పడిందన్నమాట. ఆలస్యమైనా ఇది నిజమైన చెల్లింపు. కొండ మీది జాతాపు పిల్ల, సవర పిల్లవాడు ఇక్కడ పట్టా పుచ్చుకుంటే పంపకంలో ఒక్క వాటా అయినా చేరవలసినవాళ్లకు చేరినట్టే.

మిగిలినవి తేల్చడానికి రాజ్యాంగాన్ని తిరగరాయనక్కర్లేదు. 1996లో వచ్చిన పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో ప్రాజెక్టుకు భూమి తీసుకోవాలంటే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. ఏడు మండలాలను, అందులోని మనుషులతో సహా, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చడానికి మాత్రం ఒక్క గ్రామసభనూ అడగనక్కర్లేదు. మూడో అధికరణ కింద వచ్చే ప్రతి బిల్లుతో పాటు, హద్దు మారే ఊళ్ల గ్రామసభల అభిప్రాయం, రెండు వైపులా వలస ఉన్నవాళ్ల కుల ధ్రువీకరణ, స్థానికత ఏమవుతాయో చెప్పే పత్రం పార్లమెంటు ముందు పెట్టాలని ఒక మామూలు చట్టం చేసినా చాలు. ఆ 26 కులాల విషయంలోనైతే, విడిపోయే నాటికి తెలంగాణలో స్థిరపడిన కుటుంబాల పిల్లలకు పాత హోదా కొనసాగించడానికి రెండు ప్రభుత్వాలూ కలిసి ఒక కటాఫ్ తేదీ నిర్ణయించుకోవచ్చు. 2014 జూన్ 2 అనే తేదీ ఎలాగూ చట్టంలో ఉంది. ముఖ్యమంత్రులు ఈసారి ఆస్తుల జాబితాతో కూర్చున్నప్పుడు ఆ పిల్లల జాబితా కూడా బల్ల మీద ఉండాలి.